స్వభావమును బట్టి వ్యాయామము

అమలాపురమున 2000లో జన్మించిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు చిరాగ్ శెట్టితో కలసి బాడ్మింటన్ పురుషుల జంటల స్వర్ణపతకమును గెలిచెను. ఆ ఆటకు తోడు కావలెను. యువకులలో తోడులేనిదే ఆడలేనివారును, పదిమంది చూచుచుండగా ఆడలేనివారును కలరు.

కార్యదీక్ష, కలుపుగోలుతనము గలవారు వ్యాయామమును ఎక్కువగా చేయుదురనియు, ఆందోళన స్వభావులు తక్కువగా చేయుదురనియు మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలు తెలుపుచున్నవి. అంతమాత్రమున వీరిని సోమరులనుట తగదు. చెడుగుడు బరికి జంకు విద్యార్థి వేకువనే కోనసీమ కాలువగట్టున ఒంటరిగా క్రోసెడు దూరము నడవగలడు. అందరికిని ఒకే డ్రిల్లు విధించి, వెనుకబడినవానిని నలుగురిలో నిందించినచో, వాడు వ్యాయామమునే ద్వేషించును. శిష్యుని స్వభావము నెరిగిన గురువు వానికి జీవితాంతము నిలుచు అలవాటు నొసగును.