రాసుకున్న నోట్సు ఎక్కడికి పోయింది?

మొన్న ఫిబ్రవరిలో మా పదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ళమ్మ ఫోను పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. "సార్, ఆమ్ల వర్షాల గురించి మీరు చెప్పినదంతా నోట్సు యాప్‌లో రాసుకున్నాను. ఎంత వెతికినా కనిపించటం లేదు" అన్నది. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఏడాదిగా రాసినవి వందలకొద్దీ ఉన్నాయి. నోట్సు ఎక్కడికీ పోలేదు, ఫోనులోనే ఉంది. ఏ మూల ఉన్నదో తెలియదు, అంతే!

యాప్‌లో విడివిడిగా రాసుకొనే ఒక్కొక్క నోట్సును మనం 'చీటీ' అందాం. ఆ అమ్మాయి ప్రతి సబ్జెక్టుకు ఒక ఫోల్డరు పెట్టుకుంది. ఫోల్డరంటే బీరువాలోని అర వంటిది. మరి ఆమ్ల వర్షం ఏ అరలోకి వెళ్ళాలి? గాలిలోని సల్ఫర్ డయాక్సైడు, ఆక్సిజన్, నీరు కలిసి ఆమ్లమవుతుంది కనుక అది రసాయనశాస్త్రం. చెరువులో చేపలు చస్తాయి కనుక జీవశాస్త్రం. తాజ్‌మహల్ పాలరాతికి ముప్పు కనుక సాంఘికశాస్త్రమని కూడా అనవచ్చు.

ఈ చిక్కు ఫోన్లతో పుట్టినది కాదు. గ్రంథాలయాలలో ఎప్పటినుంచో ఉన్నదే. మన దేశపు గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో వెలువరించిన కోలన్ వర్గీకరణలో ఒక ఉపాయం చూపారు. పుస్తకం దేన్ని గురించి, ఏ పనిని గురించి, ఏ చోటును గురించి అని దాని ముఖాలను విడివిడిగా గుర్తించి, ఆ గుర్తులన్నిటినీ కలిపి పుస్తకానికి సంఖ్య వేయటమే ఆ ఉపాయం. అయినా పుస్తకం నిలబడేది ఒక్క అరలోనే కదా!

చీటీకి ఆ ఇబ్బంది లేదు. దానికి 'రసాయనం', 'కాలుష్యం', 'తాజ్‌మహల్' అని మూడు ట్యాగులు తగిలించారనుకోండి. యాప్ చీటీని మూడుసార్లు రాయదు. చీటీ ఒకటే, దాని సంఖ్య మాత్రం మూడు జాబితాలలో ఉంటుంది. ఏ జాబితా తెరిచినా అదే చీటీ వస్తుంది. అలాగని ఒక్కొక్క చీటీకి పదేసి ట్యాగులు పెట్టకండి. అప్పుడు ట్యాగులను వెతుక్కోవలసి వస్తుంది!

"ట్యాగులెందుకు, వెతికే పెట్టెలో పదం కొడితే చాలదా?" అని మీరు అడగవచ్చు. వెతుకులాట ఎలా జరుగుతుందో చూడండి. పుస్తకం చివర పదసూచిక ఉంటుంది కదా, చాలా యాప్‌లు లోపల అటువంటిదే తయారు చేసుకుంటాయి. 'ఆమ్లం: 14, 52, 207' అని ఏ పదం ఏ చీటీలలో ఉన్నదో రాసి పెట్టుకుంటాయి. అందుకే వందల చీటీలున్నా జవాబు క్షణంలో వస్తుంది. కానీ మన తెలుగుతో ఒక తంటా ఉంది. మీరు 'ఆమ్లం' అని కొడతారు, చీటీలో 'ఆమ్లాలు' అని ఉంటుంది. అక్షరాలు మారాయి కనుక యాప్‌కు అది వేరే పదం. 'ఆమ్ల' అని మాత్రమే కొట్టి చూడండి, చాలావరకు రెండూ దొరుకుతాయి. (వెనుకటి పుస్తకాలలో ఆక్సిజన్‌ను 'ఆమ్లజని' అనేవారు. అదీ వచ్చి కూర్చుంటుంది!) మా అమ్మాయి చీటీ ఇంతకీ గణితం ఫోల్డరులో 'యాసిడ్ రెయిన్' అన్న పేరుతో దొరికింది. 'ఆమ్ల' అని ఎన్నిసార్లు కొడితే మాత్రం ఏం లాభం?

బోర్డును ఫోటో తీసి దాచుకొనేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని యాప్‌లు బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టగలవు కాని, నా చేతిరాతను గుర్తుపడతాయన్న నమ్మకం నాకు లేదు. ఫోటో కింద రెండు ముక్కలు టైపు చేయండి.

ఇంకొక సంగతి. నోట్సు ఫోనులోనూ, కంప్యూటరులోనూ కనిపిస్తున్నది కనుక రెండు ప్రతులున్నాయనుకుంటారు. అవి నిజంగా రెండు కావు. ఒకచోట చెరిపితే రెండోచోటా చెరిగిపోతుంది. గూగుల్ కీప్‌లో అయితే, తీసేసిన చీటీ 7 రోజులు చెత్తబుట్టలో ఉండి ఆ తరువాత పోతుంది. విడిగా ఒక ఫైలుగా తీసి వేరేచోట పెట్టుకున్నదే అసలైన రెండో ప్రతి. మా అమ్మాయి ముఖ్యమైన చీటీలను ప్రింటు తీయించి, దారంతో కుట్టుకుంది.