స్పెషల్ బస్సులో స్పెషల్ ఏముంది?

కాణిపాకం బ్రహ్మోత్సవాలప్పుడు చిత్తూరు బస్టాండులో 'స్పెషల్' బోర్డు పెట్టుకున్న బస్సు వచ్చి ఆగితే, "దీంట్లో స్పెషల్ ఏముండాది నాయనా?" అని అడిగే పెద్దవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. సీట్లు అవే, దారీ అదే. రోజువారీ టైంటేబుల్లో లేని బస్సు, అందుకే స్పెషల్. బడిలో స్పెషల్ క్లాసూ అంతే. స్పెషల్ రైళ్ల నంబరైతే సున్నాతోనే మొదలవుతుంది, మామూలు రైళ్లతో కలిసిపోకుండా.

మరి హోటల్లో స్పెషల్ దోసె అంటే నెయ్యి ఎక్కువ పడాలని ఎందుకు ఆశిస్తాం? రెండర్థాలూ ఆ మాటలో ఉన్నవే, అయితే ఒకటి ముందుది, ఒకటి తర్వాత చేరింది. లాటిన్‌లో 'స్పీసీస్' అంటే మొదట కంటికి కనిపించే రూపం, ఆ తర్వాత ఒక రకం. దాన్నుంచి పుట్టిన విశేషణం ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. అందరికీ చెందింది జనరల్, ఒక రకానికే చెందింది స్పెషల్. విడిగా ఉంచినదాన్ని మేలైనదనుకోవడం మనిషి స్వభావం కాబట్టి గొప్పదనే అర్థం కూడా దానికి అంటుకుంది.

ఇంకా లోతుకు వెళ్తే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. స్పీసీస్‌కు మూలమైన ధాతువుకు అర్థం 'చూడటం'. ఇన్‌స్పెక్టరు అక్కణ్నుంచి వచ్చినవాడే. సంస్కృతంలో దాని తోబుట్టువు 'స్పశ్'. మనం రోజూ వాడే 'స్పష్టం' దాన్నుంచి వచ్చిందే, 'పశ్యతి' కూడా ఆ కుటుంబానిదే. దర్శనమన్నా చూడటమే కదా! తిరుపతిలో పొద్దస్తమానం వినిపించే 'స్పెషల్ దర్శనం'లో రెండు మాటలూ చూపు నుంచి పుట్టినవే.

అయితే దేవస్థానం వారి మూడొందల టికెట్టు అసలు పేరు 'స్పెషల్ ఎంట్రీ దర్శనం', తెలుగులో 'ప్రత్యేక ప్రవేశ దర్శనం'. వాడుకలో మధ్యమాట జారిపోయి, దర్శనమే వేరనే భ్రమ మిగిలింది. ఆ విశేషణం అతుక్కున్నది ఎంట్రీకి, దర్శనానికి కాదు. టికెట్టు కొన్నవారికి వేరయ్యేది క్యూ, నిరీక్షణ. సర్వదర్శనం క్యూలో గంటలకొద్దీ నిలబడి వచ్చినవారు చూసేదీ అదే మూర్తిని. ఈసారి ఊర్నుంచి వచ్చిన చుట్టాలు టికెట్టు దొరకలేదని దిగులుపడితే ఈ మాట వాళ్లకు చెప్పండి.