ఆ పదం ఎక్కడ కూర్చుంది?

'వాటర్' ఏ భాషాభాగం? ఆరో తరగతి పిల్లాణ్ని అడిగితే తడుముకోకుండా 'నౌన్' అంటాడు. అదే పరీక్షలో 'షి వాటర్స్ ద ప్లాంట్స్' అని ఇచ్చి, 'వాటర్స్' కింద గీత గీస్తే... మళ్లీ నౌనే రాసొస్తాడు. మార్కు పోతే పోయింది, 'నాకు ఇంగ్లిష్ రాదు' అన్న భయం పట్టుకుంటుంది చూడండీ, అదీ అసలు నష్టం!

తప్పు పిల్లాడిది కాదు, నిర్వచనాలు బట్టీ పట్టించే పద్ధతిది. 'రాముడు రావణుణ్ణి చంపాడు' అన్నా, 'రావణుణ్ణి రాముడు చంపాడు' అన్నా పోయింది రావణుడే. తెలుగులో విభక్తి ఎక్కడున్నా తన పని చేసుకుపోతుంది. అదే ఇంగ్లిష్‌లో 'రామా కిల్డ్ రావణా'ని తిరగేస్తే రామాయణమే తారుమారు! వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌కీ మనలాగే విభక్తులుండేవి. అవి చాలామటుకు అరిగిపోయాయి. దాంతో వాక్యంలో పదం ఎక్కడుందన్నదే కీలకమైంది.

'రౌండ్'నే తీసుకోండి. 'ఎ రౌండ్ టేబుల్'లో విశేషణం. 'ద సెకండ్ రౌండ్'లో నామవాచకం. 'రౌండ్ ద కార్నర్'లో ప్రిపొజిషన్. 'ద కార్ రౌండెడ్ ద బెండ్'లో క్రియ. ఇంట్లో నాన్న, ఆఫీసులో గుమాస్తా, బస్సులో ప్యాసింజర్... మనిషి ఒక్కడే! పదం చేసే పనిని బట్టే దాని భాషాభాగమని తాతల కాలం నాటి రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకంలోనూ ఉంది. ఆ ఒక్క ముక్కా వదిలేసి మిగతాదంతా వల్లె వేయిస్తున్నారు.

కాబట్టి పదాన్ని కాదు, పక్కనున్న వాళ్లని చూడమనండి. 'ద', 'ఎ', 'మై' కనిపిస్తే వెనకాలే ఓ నౌన్ వస్తోందని అర్థం. మధ్యలో విశేషణం దూరినా సరే. 'కెన్', 'విల్' తర్వాత వచ్చేది మామూలుగా వెర్బ్.

పదాల తోకలూ సాయం చేస్తాయి. 'నెస్', 'మెంట్', 'షన్'తో ముగిస్తే ఎక్కువగా నౌన్లే. 'లీ' దగ్గర మాత్రం జాగ్రత్త. మన 'గా' లాంటిదే అనుకుని 'ఫ్రెండ్లీ', 'లవ్లీ'లను యాడ్వెర్బ్ అనేస్తారు. అవి విశేషణాలు. 'ఫాస్ట్' ఏ తోకా లేకుండానే రెండు పనులూ చేస్తుంది. ఇక 'హార్డ్'కి 'లీ' తగిలిస్తే అర్థమే మారిపోతుంది. ప్రోగ్రెస్ కార్డు మీద 'హి వర్క్స్ హార్డ్' అని ఉంటే మెచ్చుకోవచ్చు. 'హి హార్డ్లీ వర్క్స్' అని ఉంటే... అబ్బాయి పుస్తకం ముట్టడం లేదన్నమాట!

కొన్ని పదాల్ని చెవితోనూ పట్టేయొచ్చు. 'రికార్డ్'లో మొదటి భాగాన్ని ఒత్తి పలికితే నౌన్, రెండోదాన్ని ఒత్తితే వెర్బ్. 'ప్రెజెంట్', 'ఆబ్జెక్ట్' కూడా ఇదే బాపతు.