కుక్క ఎగపోస్తోందా? ఛాతీలో నీరు చేరిందేమో చూడండి

పల్లి చేనును అడవి పందుల నుంచి, గొర్రెల మందను తోడేళ్ల నుంచి కాచేది మన దగ్గర కుక్కే. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో గొర్రెలు 190 లక్షలు. దేశంలో మనదే మొదటి స్థానం. పాత పాలమూరు జిల్లా గొర్రెలకు పెట్టింది పేరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో కుక్క లేని మంద కనిపించదు.

అలాంటి కుక్క ఉన్నట్టుండి ఎగపోస్తూ కూలబడితే దమ్ము పట్టిందని వదిలేస్తుంటాం. అది దమ్మే కానక్కరలేదు. ఛాతీలో నీరు చేరి ఊపిరితిత్తులను నొక్కుతూ ఉండవచ్చు. ఆ నీటిని సూదితో తీస్తే చాలా కుక్కలు అప్పటికప్పుడే తెప్పరిల్లుతాయి. అసలు జబ్బు ఏమిటో కూడా ఆ నీటి రంగును బట్టి చాలావరకు తెలుస్తుంది.

గుర్తుపట్టడం ఎట్లా?

కుక్క నీడన నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. రొమ్ము ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నిమిషానికి 30కి మించదు. అంతకు మించి రోజురోజుకూ పెరుగుతుంటే అనుమానించాలి. ఎండన పడి వచ్చి నాలుక చాపి రొప్పడం వేరు, దానికి భయపడనక్కరలేదు.

ఛాతీలో నీరున్న కుక్క పక్కకు ఒరిగి పడుకోలేదు. ముందుకాళ్ల మోచేతులు ఎడంగా పెట్టి, మెడ ముందుకు చాచి కూర్చుంటుంది. తిండి తగ్గి చిక్కిపోతుంది. కొన్ని దగ్గుతాయి కూడా. చిగుళ్లు నీలంగా మారితే గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

నీటి రంగు ఏం చెబుతుంది?

రక్తం వస్తే దెబ్బ తగిలి ఉండవచ్చు. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద బండ్లు తగిలే కుక్కలకు ఇది తరచూ జరిగేదే. ఎలుకల మందు తిన్నా లోపల రక్తం కారుతుంది. బ్రోమాడయోలోన్ వంటి మందుకు విటమిన్ కె1 విరుగుడు. చేలో ఎలుకల మందు పెట్టి ఉంటే ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పండి.

చీము వస్తే కాటు గాయమో, లోపలికి దిగిన ముల్లో కారణం కావచ్చు. చీము కారేందుకు గొట్టం పెట్టి, చాలా రోజులు మందులు వాడాలి. పలుచని నీరైతే గుండె జబ్బు, కాలేయం జబ్బు చూడాలి. పాలలా తెల్లగా వస్తే అది వేరే సంగతి.

పాలలాంటి నీరు ఎక్కడిది?

రక్తనాళాలు కాక శరీరంలో మరో రకం సన్నని నాళాలు ఉంటాయి. బోదకాలు వచ్చేది ఈ నాళాలు దెబ్బతినే. పేగుల నుంచి తిండిలోని కొవ్వును మోసుకుపోయేవీ ఇవే. 1622లో ఇటలీ వైద్యుడు గాస్పారే అసెల్లీ ఈ తెల్లని నాళాలను అప్పుడే మేసిన కుక్క పేగుల మీద చూశాడు. అవన్నీ కలిసే పెద్ద నాళం ఛాతీలోంచి పైకి పోయి గుండె దగ్గరి రక్తనాళంలో కలుస్తుందని 1651లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పెకే ప్రకటించాడు. ఆయన చూసిందీ కుక్కలోనే.

ఆ పెద్ద నాళం కారితే కొవ్వు నీరు ఛాతీలో నిలుస్తుంది. దెబ్బ, గుండె జబ్బు, గడ్డ కారణం కావచ్చు. చాలాసార్లు కారణం దొరకదు. ఊరి కుక్కల్లో ఇది అరుదే, కానీ వస్తే దానంతట అది తగ్గడం కష్టం.

చిన్న రంధ్రాల ఆపరేషన్

మొదట కొవ్వు లేని తిండి పెట్టి, నీరు తీస్తూ చూస్తారు. ఆగకపోతే నాళాన్ని మూసేయాలి. వెనుక పక్కటెముకల మధ్య బాగా కోసి చేసేవారు. ఇప్పుడు రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదానిలోంచి సన్నని కెమెరా గొట్టం పంపి, టీవీ తెర మీద చూస్తూ నాళానికి క్లిప్పులు వేస్తారు. గుండె చుట్టూ ఉన్న పొరను కూడా కొంత తీసేస్తారు. నాళం తెల్లగా ఉబ్బి కనిపించేందుకు ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు మీగడ తినిపించే పద్ధతి ఉంది. రంగు మందు ఎక్కించి చూసే పద్ధతీ ఉంది.

ఇట్లా చేస్తే గాయం చిన్నది, నొప్పి తక్కువ, కుక్క త్వరగా లేచి తిరుగుతుంది. చాలా కుక్కలు బాగుపడతాయి. కొన్నింటికి నీరు మళ్లీ చేరుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం నష్టమే. ఆ నీరు నెలల తరబడి నిలిస్తే ఊపిరితిత్తుల మీద మందమైన పొర కట్టి అవి విచ్చుకోవు. అప్పుడు ఎంత మంచి ఆపరేషన్ చేసినా ఫలితం అంతంతే.

ముందు నీరు తీయించండి, తరువాతే ప్రయాణం

ఈ ఆపరేషన్‌కు ఊపిరి అందించే యంత్రం, మత్తు చూసుకునే డాక్టరు ఉండాలి. మండల పశువుల దవాఖానలో కుదిరేది కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల దవాఖానకు చీటీ రాయించుకోండి. రంధ్రాలతో కుదురుతుందా, కోసి చేయాలా, ఖర్చెంత అన్నది అక్కడ ముందే అడగండి.

అయితే నిండిన ఛాతీతో కుక్క అంత దూరం తట్టుకోలేదు. ముందు దగ్గరి దవాఖానలో నీరు తీయించండి. తీసిన నీటిలో కొంత శుభ్రమైన సీసాలో పోయించి, ఎక్స్‌రే ఉంటే దానితో పాటు వెంట తీసుకుపోండి.

ఈ పనులు చేయొద్దు

ఛాతీ మీద వాతలు పెట్టొద్దు. నూనె, కషాయం బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషుల నొప్పి గోలీలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇవ్వొద్దు. ఎగపోసే కుక్క మూతి గట్టిగా కట్టొద్దు. పక్కకు పడుకోబెట్టకుండా, గంపలోనో గోనె సంచి మీదనో దానికి వీలైనట్టు కూర్చోనిచ్చి తీసుకుపోండి.

ఇంకో మాట. చొంగ కారుస్తూ, గొంతు మారి, మింగలేకుండా ఉంటే పిచ్చి వ్యాధి కావచ్చు. పైలం, నోట్లో చెయ్యి పెట్టొద్దు, డాక్టరుకు ముందే చెప్పండి. ఏటా ఒక టీకా వేయిస్తే కుక్కకూ, ఇంటిల్లిపాదికీ ఆ భయం ఉండదు.