సెకండ్ హ్యాండ్ ఫోన్ బ్యాటరీ ఇంకెన్నాళ్లు వస్తుంది? కొనే ముందు ఈ చిన్న లెక్క వేయండి!

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనాలని చూస్తున్నారా? అయితే కెమెరా, డిస్‌ప్లే చెక్ చేసే ముందు బ్యాటరీ లెక్క తేల్చుకోండి. ఇటీవల మా బాబాయ్ కొడుకు డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో దాచుకున్న డబ్బుతో ఒక వాడిన ఫోన్ చూశాడు. బ్యాటరీ హెల్త్ 86 శాతం, సైకిల్ కౌంట్ 340. అమ్మేవాడేమో "రెండేళ్లు ఢోకా లేదు" అన్నాడు. "అన్నా, తీసుకోనా?" అని వాడు ఫోన్ చేశాడు. పదో తరగతిలో మనం తిట్టుకున్న సంవర్గమానాలు, అంటే లాగరిథమ్స్, అప్పుడు పనికొచ్చాయి.

సైకిల్ అంటే ఏంటి?

మొత్తం 100 శాతం ఛార్జ్ వాడితే ఒక సైకిల్. ఈరోజు 50, రేపు 50 వాడినా ఒకటే సైకిల్. ఐఫోన్ 15, ఆ తర్వాతి మోడళ్లలో ఈ కౌంట్ సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. సాధారణంగా కెపాసిటీ 80 శాతానికి పడితే బ్యాటరీ మార్చే టైమ్ వచ్చినట్టే.

ఇప్పుడు అసలు లెక్క

ఒక్కో సైకిల్‌కి బ్యాటరీలో మిగిలే వంతు 'క' అనుకుందాం. 340 సైకిళ్ల తర్వాత 86 శాతం మిగిలింది కాబట్టి:

క^340 = 0.86

మనకి కావాల్సింది, ఎన్ని సైకిళ్లకి 80 శాతం అవుతుందో:

క^న = 0.80

తెలియని సంఖ్య 'న' ఘాతంలో, అంటే పవర్‌లో ఉంది. 2^న = 32 అయితే 32ని 2^5గా రాసి న = 5 అని చెప్పేయొచ్చు. ఇక్కడ ఆ ట్రిక్ నడవదు. అందుకే రెండు వైపులా లాగ్ తీసుకోవాలి. లాగ్ తీసుకోగానే పవర్ కిందికి దిగి మామూలు గుణకారం అయిపోతుంది.

340 × లాగ్ క = లాగ్ 0.86 = −0.0655
లాగ్ క = −0.0001926

న × (−0.0001926) = లాగ్ 0.80 = −0.0969
న = 503

ఫోన్ కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే చాలావాటిలో లాగ్ బటన్ కనిపిస్తుంది. అంతే!

దీని అర్థం ఏంటి?

503 లోంచి 340 తీసేస్తే మిగిలినవి 163 సైకిళ్లు. మావాడు రోజుకి దాదాపు 0.8 సైకిల్ వాడతాడు. 163ని 0.8తో భాగిస్తే 204 రోజులు. రెండేళ్లు కాదు కదా, ఏడు నెలలు కూడా లేదు!

కంపెనీ లెక్కతో పోల్చి చూడండి

ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్లకి 500 సైకిళ్లకి, ఐఫోన్ 15 మోడళ్లకి 1000 సైకిళ్లకి 80 శాతం ఉండేలా డిజైన్ చేశామని యాపిల్ చెబుతోంది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకి కనీసం 800 సైకిళ్లు తప్పనిసరి చేసింది. ఇదే ఫార్ములాతో చూస్తే 340 సైకిళ్ల దగ్గర 500 రేటింగ్ బ్యాటరీ 86 శాతం, 800 రేటింగ్‌ది 91, 1000 రేటింగ్‌ది దాదాపు 93 చూపించాలి. మీరు చూస్తున్న ఫోన్ అంతకంటే బాగా తక్కువ చూపిస్తే ఎక్కువ వేడిలో వాడారేమో అని అనుమానించండి.

ఒక్క జాగ్రత్త

ఇది అంచనా మాత్రమే. నిజం బ్యాటరీ అచ్చం ఈ గీత మీదే నడవదు. వేడి, ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంచడం లాంటివి అరుగుదలని పెంచుతాయి. బాగా పాతబడ్డాక కొన్ని బ్యాటరీలు ఒక్కసారిగా పడిపోతాయి కూడా. అందుకే 80 దాటాక ఈ లెక్కని గుడ్డిగా నమ్మొద్దు.

చివరికి మావాడు ఫోన్ వదులుకోలేదు. కాలిక్యులేటర్ చూపించి, కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమన్నాడు. కాసేపు బేరమాడాక అమ్మేవాడు ఒప్పుకున్నాడు. మీరూ డబ్బు ఇచ్చే ముందు ఆ రెండు నంబర్లు, హెల్త్, సైకిల్ కౌంట్, అడిగి తీసుకోండి. మిగతాది లాగ్ బటన్ చూసుకుంటుంది.