వారానికి 20 గంటలు: పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టొచ్చా?

అమెరికాకి ఎమ్మెస్‌కి వచ్చేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, పార్ట్‌టైమ్‌తో ఫీజు వెళ్ళిపోతుందా?" వెళ్ళదు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. నాకు ఇచ్చింది అంతే. వారానికి 145, నాలుగు వారాలకి 580. నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటే అద్దె, సరుకులు గడిచాయి. కొన్ని రాష్ట్రాల్లో ఎక్కువే ఇస్తారు, కానీ అక్కడ చాలాచోట్ల అద్దెలూ అలాగే ఉంటాయి లెండి.

మొదటి సెమిస్టర్‌లో డైనింగ్ హాల్లో క్లోజింగ్ షిఫ్ట్ తీసుకున్నా. గిన్నెలు కడిగి రూముకొచ్చేసరికి అర్ధరాత్రి. పొద్దున అల్గారిథమ్స్ క్లాసులో కళ్ళు తెరిచే ఉండేవి, బుర్రకి మాత్రం ఏమీ ఎక్కేది కాదు. మిడ్‌టర్మ్‌లో సగం మార్కులు కూడా రాలేదు. అప్పుడు లైబ్రరీ డెస్క్‌కి మారా, వారానికి 12 గంటలు. నెలకి 230 డాలర్ల పైన తగ్గింది. ఆ మాట నాన్నకి ఫోన్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

సరిగ్గా అప్పుడే ఒక గ్యాస్ స్టేషన్‌లో క్యాష్‌కి పని ఉందన్నారు. అది అనుమతి లేని పని, చేస్తే స్టేటస్ పోతుంది. ఇల్లు తాకట్టు పెట్టి వచ్చినవాణ్ణి, వద్దన్నా. ఫీజు లెక్క మటుకు ఫ్లైట్ ఎక్కకముందే తేల్చుకోండి.