మీకు తెలుసా? పెరట్లో పాకే ఆఫ్రికా నత్త

వానాకాలంలో రాత్రికి రాత్రే బొప్పాయి, బంతి మొక్కల్ని కొరికేసే పెద్ద గుల్ల నత్త మన దేశానిది కాదు. తూర్పు ఆఫ్రికా జాతి ఇది. 1847లో విలియం బెన్సన్ అనే నత్తల శాస్త్రజ్ఞుడు మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు. చౌరంగీలోని ఓ తోటలో వదిలాక అక్కణ్ణుంచి పాకింది. ప్రతి నత్తలోనూ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. ఒక్క విడతలోనే వందకు పైగా గుడ్లు పెట్టగలదు.

గుల్ల లేని నత్తలకైనా, వీటికైనా మంచి ఉపాయం గోనెసంచి. సాయంత్రం దాన్ని తడిపి, కింద బొప్పాయి ఆకులు పరవండి. తెల్లారేసరికి అక్కడే దాక్కుంటాయి. ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయండి. పాదుల్లో మాత్రం ఉప్పు చల్లొద్దు, మొక్కే చస్తుంది. ఉత్త చేతులతో అసలు ముట్టుకోవద్దు! కొన్ని నత్తల్లో ఉండే ఒక నులిపురుగు మన కడుపులోకి చేరితే మెదడు పొరలు వాస్తాయి. పచ్చిగా తినే కొత్తిమీరను బాగా కడగమనేది అందుకే.